సాటే ముక్క ఎందుకు సాగుతుంది, స్టిర్ ఫ్రైలో నీళ్ళెందుకు ఊరతాయి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కౌలాలంపూర్ వెళ్ళినప్పుడు తిన్న బీఫ్ సాటే (మసాలా పట్టించిన చిన్న ముక్కల్ని పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చేది) ఇంట్లో చేద్దామని అరకిలో మాంసం తెచ్చావు. అల్లం వెల్లుల్లి, పెరుగు, గరం మసాలా పట్టించి పుల్లలకు గుచ్చి పెనం మీద కాల్చావు. ముక్క చెప్పు తోలులా సాగింది. మిగిలినదాంతో కాప్సికం, ఉల్లిపాయ వేసి స్టిర్ ఫ్రై చేస్తే నీళ్ళూరి పులుసైంది. "మన దగ్గర దొరికే మాంసం ఈ వంటలకు పనికిరాదేమో అన్నా" అని రాశావు.

మాంసాన్ని ఏమీ అనకు. నేను కౌలాలంపూర్‌లో తొమ్మిదేళ్ళు వంటింట్లో పనిచేశాను. చేరిన మొదటి రోజు నాకిచ్చిన పని గడ్డకట్టిన మాంసం అట్టపెట్టెలు విప్పడం. పెట్టె తిప్పి చూస్తే మీద 'ప్రాడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉంది. మన బర్రె మాంసమే! మలేషియా ఎన్నో ఏళ్ళుగా మన దేశం నుంచి దాన్ని కొంటోంది. వియత్నాంకీ, ఇండోనేషియాకీ కూడా వెళుతుంది. నువ్వక్కడ లొట్టలేసుకుంటూ తిన్నది కూడా అదే అయ్యుండొచ్చు. కాబట్టి తేడా మాంసంలో లేదు. కోతలో, తడిలో, మంటలో ఉంది. మసాలా ఆ తర్వాతి సంగతి.

అసలు చిక్కు మన చేతికి పట్టిన అలవాటు. పెద్దకూర వేపుడు మనం ఎలా చేస్తాం? ముక్కకు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, కుక్కర్‌లో ఐదారు కూతలు రానిచ్చి, ఊరిన నీళ్ళు ఇగిరేదాకా ఉంచి అప్పుడు నూనెలో వేయిస్తాం. ముందు ఉడుకు, తర్వాత వేపుడు. గట్టి ముక్కకి, పెద్ద ముక్కకి అదే సరైన దారి, దాన్ని నేను తప్పుపట్టను. అక్కడివాళ్ళ స్టిర్ ఫ్రై వేపుడులో మాత్రం ఉడుకన్న మాటే లేదు. ముక్క పలచన, మంట పెద్దది, పని రెండు నిమిషాలది. బాణలిలో నీళ్ళున్నంతసేపు ముక్క దగ్గర వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి ఆ కాలిన కమ్మదనం పట్టాలంటే 140 దాటాలి. రెండు నిమిషాల్లో దింపితే ముక్క లేతగా ఉంటుంది. గంటన్నర ఉడికిస్తే మెత్తబడుతుంది. నువ్వు పది పదిహేను నిమిషాలు ఉంచి ఉంటావు, లేతదనం పోయింది, మెత్తదనం రాలేదు. తోలు తయారయ్యేది సరిగ్గా ఆ మధ్యలోనే.

ముందు షాపు దగ్గర మొదలుపెడదాం. "కూరకు కొట్టివ్వు" అన్నావంటే ముక్కలు కొట్టి సంచిలో వేస్తాడు, కథ అక్కడే ముగుస్తుంది. అండర్‌కట్ అడుగు. వెన్ను లోపలి వైపు ఉండే కండ అది, జంతువు దాన్ని పెద్దగా వాడదు కాబట్టి మెత్తగా ఉంటుంది. దొరక్కపోయినా, ధర ఎక్కువనిపించినా, తొడలో పసందేలు (పలచటి వెడల్పు ముక్కలు) తీసే కండ ఎముక లేకుండా ఒకే తునకగా ఇమ్మను. పసందేలు కోసి ఇస్తానంటాడు, వద్దను. కోత నీ చేతిలో ఉండాలి. సీనా (రొమ్ము), నల్లీ (కాలి ఎముక) పక్క కండ గంటల తరబడి ఉడికే నిహారీకి బంగారం, సాటేకి దండగ. పోతూ పోతూ వంద గ్రాముల చర్బీ (కొవ్వు) కూడా అడుగు. బర్రె మాంసంలో కొవ్వు తక్కువ, నిప్పుల మీద త్వరగా ఎండిపోతుంది. ఆ చర్బీ ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంటికొచ్చాక కండను ముప్పావుగంట ఫ్రీజర్‌లో పెట్టు. రాయిలా గడ్డకట్టకూడదు, వేలితో నొక్కితే పైన గట్టిగా, లోపల కొంచెం దిగేట్టు ఉండాలి. అప్పుడు కత్తి జారదు, పలచగా కోయొచ్చు. కోసే ముందు ముక్కను వెలుతురు వైపు తిప్పి చూడు. చీపురు పుల్లలు కట్టగట్టినట్టు నారలు ఒక దిక్కుగా పోతుంటాయి. కత్తి ఆ పుల్లలకు అడ్డంగా పడాలి. నారల వెంబడి కోశావంటే ప్రతి పుల్లా నిడుపుగా మిగిలిపోతుంది, దాన్ని తెంపే పని నీ పళ్ళది. అడ్డంగా కోస్తే కత్తే తెంపేస్తుంది. తొడ కండలో ఇంకో తంటా ఉంది, మధ్యలో నార దిక్కు మారుతుంది. అక్కడ కండను రెండుగా విడదీసి, దేని దిక్కు దానికి చూసుకుని కోయాలి. మా వంటింట్లో కొత్తగా చేరిన కుర్రాడికి నెలరోజులు ఇదే పని ఇచ్చేవాళ్ళు, విసుగొచ్చి పారిపోతే పారిపోయాడు.

అండర్‌కట్ అయితే ఇంతే, ఇంకేమీ అక్కర్లేదు. తొడ కండ అయితే కొంచెం సాయం కావాలి. స్టిర్ ఫ్రైకి వంట సోడా వాడు. అరకిలో పలచటి ముక్కలకు అర టీస్పూన్ సోడా, రెండు పెద్ద చెంచాల నీళ్ళలో కలిపి పట్టించి, పావుగంట నుంచి అరగంట లోపు ఉంచు. తర్వాత ముక్కల్ని రెండుసార్లు కడిగి, గుడ్డలో వేసి నీరంతా పిండి తీసెయ్యి. సోడా క్షారం కదా, ముక్క పై పొరలో మాంసకృత్తులు వేడి తగలగానే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోకుండా చేస్తుంది. అందుకే లోపలి నీరు లోపలే నిలుస్తుంది. చైనా హోటల్లో మాంసం జారుడుగా, లేతగా ఉండటానికి కారణాల్లో ఇదొకటి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మెత్తబడుతుందని మాత్రం అనుకోకు. నేనోసారి రాత్రంతా ఉంచేశాను. పొద్దున వేయిస్తే సబ్బు ముక్క నమిలినట్టుంది. రెండు కిలోలు చెత్తబుట్ట పాలు, ఆ నెల జీతంలో కోత.

పచ్చి బొప్పాయి సంగతి మన హైదరాబాదీలకు చెప్పేదేముంది, కబాబులకు వాడేదే. సాటేకి పనికొస్తుంది కానీ లెక్కగా వాడాలి. అరకిలోకి ఒక టీస్పూన్ గుజ్జు, గంట చాలు. ఇక్కడికి తిరిగొచ్చిన కొత్తలో మా బంధువుల ఇంట్లో నలభైమందికి సాటే చేస్తానని గొప్పకు పోయాను. భద్రంగా ఉంటుందని రాత్రే బొప్పాయి పట్టించి పెట్టా. మర్నాడు పుల్లకు గుచ్చుతుంటే ముక్క గోధుమపిండి ముద్దలా విడిపోతోంది. చివరికి అంతా కలిపి కీమా కూర చేసి వడ్డించాం. తిన్నవాళ్ళు బాగుందన్నారు, అది వేరే సంగతి. అనాసపండు రసం కూడా ఇదే పని చేస్తుంది, తాజా పండుదైతేనే. డబ్బాలో వచ్చే ముక్కల్ని వేడి చేసి ఉంటారు కాబట్టి ఆ గుణం చచ్చిపోతుంది.

ఇప్పుడు సాటే మసాలా. పెరుగు, గరం మసాలా పక్కన పెట్టు. వాటితో వచ్చేది టిక్కా, సాటే కాదు. సాటే వాసనంతా నిమ్మగడ్డి, ధనియాలు, పసుపు, తాటిబెల్లం దగ్గర ఉంది. అరకిలో మాంసానికి నిమ్మగడ్డి మూడు కాడలు. అడుగున తెల్లగా, లావుగా ఉండే మూడు నాలుగు అంగుళాలే రుబ్బాలి, పైన ఆకు నారే తప్ప ఏమీ ఉండదు. ఆ పైభాగం పారెయ్యకు, పని ఉంది. సాంబారు ఉల్లిపాయలు ఎనిమిది, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, దోరగా వేయించి దంచిన ధనియాలు ఒకటిన్నర పెద్ద చెంచా, జీలకర్ర ఒక టీస్పూన్, సోంపు ఒక టీస్పూన్, పసుపు ఒక టీస్పూన్, తాటిబెల్లం తురుము రెండు పెద్ద చెంచాలు, చిక్కటి చింతపండు గుజ్జు ఒక చెంచా, ఉప్పు ఒక టీస్పూన్, నూనె రెండు పెద్ద చెంచాలు. ఇంకా లెంగ్కువాస్ అని ఒక దుంప అంగుళం ముక్క. అది దొరకదని రాశావు. అది మన దుంపరాష్ట్రమే. మూలికలమ్మే దుకాణాల్లో ఎండు ముక్కలు దొరుకుతాయి. ఎండుది కాబట్టి సగమే తీసుకుని వేడినీళ్ళలో గంట నానబెట్టి రుబ్బు. దాని బదులు అల్లం వేస్తే కారం వస్తుంది కానీ ఆ కర్పూరం లాంటి చల్లటి వాసన రాదు. పచ్చిదీ ఎండుదీ రెండూ దొరక్కపోతే అల్లం కొంచెం వేసి సరిపెట్టుకో, కొంప మునగదు.

బెల్లం వేసింది తీపి కోసమే కాదు. నిప్పు తగిలినప్పుడు అంచులు ఎర్రబడి, అక్కడక్కడ నల్లబడి మెరుస్తాయే, ఆ పని బెల్లానిది. అక్కడ కొబ్బరిచెట్టు నీరా (పులియని కల్లు)తో చేసిన గులా మెలాక అనే బెల్లం వాడతారు. మన తాటిబెల్లం దానికి దగ్గర చుట్టం. చెరుకు బెల్లం వాడొద్దనను గానీ, పొగ వాసన ఉండదు.

రుబ్బేటప్పుడు నీళ్ళు పోయకు. మిక్సీ తిరగకపోతే ఆ రెండు చెంచాల నూనె పొయ్యి. ముద్దను ముక్కలకు పట్టించి కనీసం ఆరు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. బొప్పాయి వాడేట్టయితే దాన్ని కాల్చబోయే ముందు గంటలో కలుపు, ముందు రాత్రి కాదు. నా కథ చదివావు కదా.

గుచ్చడం చాలామంది పట్టించుకోరు. మనవాళ్ళు సీఖ్ కబాబ్ అలవాటుతో పెద్ద పెద్ద ముక్కలు గుచ్చుతారు. సాటే ముక్క బొటనవేలి గోరంత వెడల్పు, చిటికెన వేలి సగం మందం. ఒక పుల్లకు నాలుగైదు ముక్కలు, రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్య ఒక చిన్న చర్బీ ముక్క. అది కరిగి పక్క ముక్కల్ని తడుపుతుంది, నిప్పుల్లో పడి పొగ లేపుతుంది, ఆ పొగ మళ్ళీ పైకొచ్చి మాంసాన్ని పడుతుంది. సాటే వాసనలో సగం అదే. వెదురు పుల్లల్ని అరగంట నీళ్ళలో నానబెట్టు. ముక్కల్ని దగ్గరగా, కానీ ఒకదాన్నొకటి ఒత్తుకోకుండా గుచ్చి, పుల్ల కొస పొయ్యి అంచు మీద ఆనేంత మాత్రమే బయట ఉంచు, అంతకంటే ఎక్కువైతే ముందు కాలి రాలిపోతుంది.

నిప్పుకు గ్రిల్లు కొననక్కర్లేదు. సాటే అమ్మేవాళ్ళ పొయ్యి ఎప్పుడైనా గమనించావా? సన్నగా, పొడుగ్గా రేకు తొట్టి. మీద జల్లెడ కూడా ఉండదు. పుల్ల రెండు చివరలూ తొట్టి అంచుల మీద ఆనుతాయి, మాంసం మాత్రం నిప్పుల పైన గాలిలో వేలాడుతుంది. అంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. డాబా మీద నాలుగు ఇటుకలు తీసుకుని, రెండు వరుసలుగా, పుల్ల పొడవుకు రెండు వేళ్ళు తక్కువ ఎడంతో పేర్చు. మధ్యలో కొబ్బరిచిప్పల బొగ్గు వెయ్యి. అది పొగ తక్కువ, వేడి ఎక్కువ. మంట లేస్తుండగా కాల్చడం మొదలుపెట్టకు. బొగ్గు మీద బూడిద పలచగా కమ్ముకుని, లోపల ఎర్రగా కనపడాలి. చెయ్యి ముక్క ఉండే ఎత్తులో పెట్టి చూడు, మూడు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలనిపిస్తే సరైన వేడి.

ఇందాక దాచమన్న నిమ్మగడ్డి పైభాగం ఇప్పుడు తీసుకో. ఒక చివర దంచితే కుంచెలా విచ్చుకుంటుంది. కొబ్బరిపాలు నాలుగు చెంచాలు, నూనె రెండు చెంచాలు కలిపి, ఆ కుంచెతో ముక్కల మీద అద్దుతూ తిప్పుతూ ఉండు. ముక్కలు నానిన మసాలా నీళ్ళు మాత్రం అద్దకు, పచ్చి మాంసంలో ఉన్నది అది, మరిగిస్తే తప్ప పనికిరాదు. ఒక పక్క నిమిషంన్నర, ఇంకో పక్క నిమిషంన్నర, మళ్ళీ ఓసారి అటూ ఇటూ. మొత్తం నాలుగైదు నిమిషాలు. విసనకర్ర చేతిలో ఉండాలి. కొవ్వు కారి మంట లేచినప్పుడు పుల్లల్ని పక్కకి జరుపు, నిప్పు మందగిస్తే విసురు. అపార్ట్‌మెంట్‌లో ఉండి డాబా ఇవ్వరంటే ఇనప పెనం పొగలొచ్చేదాకా కాచి నాలుగు నాలుగు పుల్లలు కాల్చుకో. ఓవెన్ ఉంటే పైన కడ్డీ మాత్రమే వెలిగించి, కడ్డీకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టు. బొగ్గు రుచి రాదు, మిగతాది వస్తుంది.

ఇక సాటే ముంచుకు తినే పల్లీల సాస్. పీనట్ బటర్ డబ్బా తెచ్చి కొబ్బరిపాలు కలిపావని రాశావు. అందుకే మూతికి అతుక్కుంది. మా వంటింట్లో సాస్ చూసుకునే ఆవిడ పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో దగ్గర పుట్టిన తెలుగావిడ. వాళ్ళ తాతల కాలంలో తోటల్లో పనికని అక్కడికి వెళ్ళిన కుటుంబం. ఆవిడ తెలుగు నాకు వినడానికి వింతగా ఉండేది, మధ్యమధ్య మలయ్ మాటలు దొర్లేవి. మలయ్‌లో 'పెచా మిన్యాక్' అంటారు, నూనె విడిపోవడం అని. నాకు మొదటిసారి చెబుతూ ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది, "మనం గోంగూర మాంసంలో నూనె తేలిందా అని చూడమూ, అదేరా అబ్బాయ్." ఆ ముద్ద నుంచి నూనె విడేదాకా గరిటె దింపనిచ్చేది కాదు.

ఆవిడ చేసినట్టే చెబుతాను. ఎండుమిరపకాయలు పది, ఐదు గుంటూరువి, ఐదు బ్యాడ్గీవి. అన్నీ గుంటూరువే వేస్తే రంగు కంటే కారం ముందొస్తుంది. గింజలు దులిపి వేడినీళ్ళలో నానబెట్టి, సాంబారు ఉల్లిపాయలు పది, వెల్లుల్లి నాలుగు, నిమ్మగడ్డి రెండు కాడలు, దుంపరాష్ట్రం కొంచెంతో మెత్తగా రుబ్బు. అరకప్పు పల్లీనూనెలో సన్న మంట మీద వేయించు. ఇరవై నిమిషాలు పడుతుంది. మొదట పచ్చివాసన, తర్వాత ఉల్లి తీపి వాసన, ముద్ద రంగు నారింజ నుంచి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది, అంచుల్లో నూనె బుడగలు వదులుతుంది. అప్పుడు రెండు కప్పుల నీళ్ళు, నిమ్మకాయంత చింతపండు పిండిన రసం, తాటిబెల్లం మూడు పెద్ద చెంచాలు, ఉప్పు. మరిగాక వేయించి పొట్టు తీసిన పల్లీలు 200 గ్రాములు, రోట్లో కచ్చాపచ్చాగా దంచినవి. మిక్సీలో వేసేట్టయితే ఒక్క తిప్పు, ఆపు, ఒక్క తిప్పు. నాలుక మీద పలుకు తగలాలి. సన్న మంటన ఇంకో ఇరవై నిమిషాలు ఉడికితే ఎర్రటి నూనె పైకి తేలుతుంది. అది వంపెయ్యకు, సాటే ముంచేది దాని గుండానే. కొందరు బెలచాన్ అనే రొయ్యల ముద్ద కాల్చి వేస్తారు. నీకు కావాలంటే మన ఎండురొయ్యల పొడి ఒక టీస్పూన్ వేయించి కలుపు, సరిపోతుంది.

పక్కన పెట్టే కెతుపాట్ కొబ్బరాకు గూడులో బియ్యం పోసి ఉడికించింది. మనకు ఆ అల్లిక రాదు. సోనా మసూరి కొంచెం మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో కూరి, మీద బరువు పెట్టి చల్లార్చి ముక్కలు కోస్తే దాదాపు అంతే. కీరా, పచ్చి ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా.

ఇది మలేషియా పద్ధతి. కౌలాలంపూర్‌కు ఆగ్నేయంగా సెలంగోర్‌లో కజాంగ్ ఊరు దీనికి పేరు. సాటే మూలం మాత్రం జావా. ఇండోనేషియాలో ప్రాంతానికో సాటే ఉంది, పల్లీల సాస్ అన్నిటికీ ఉండదు. పశ్చిమ జావాలో పుర్వకర్త వైపు సాటే మారంగ్గి అని బీఫ్‌తోనే చేస్తారు. ధనియాలు, బెల్లం బాగా పట్టించి కాల్చి, పచ్చి టమాటా, మిరపకాయల సంబల్ అనే పచ్చడితో తింటారు. సాస్ చేసే ఓపిక లేనిరోజు నేను చేసేది ఇదే. సుమత్రా దీవిలోని పడాంగ్ సాటే ఇంకో తరహా. నాలుక, గుండె లాంటివి మసాలా నీళ్ళలో ముందే మెత్తగా ఉడికించి, తర్వాత కాల్చి, ఆ ఉడికించిన నీళ్ళనే బియ్యప్పిండితో చిక్కబరిచి మీద పోస్తారు. ముందు ఉడుకు, తర్వాత నిప్పు. చూశావా, మన పద్ధతికి వాళ్ళ దగ్గరా చోటుంది, ఏ ముక్కకు ఏదన్నదే తెలియాలి. కాంబోడియావాళ్ళు నిమ్మగడ్డి, పసుపు ముద్ద పట్టించిన బీఫ్ పుల్లల్ని బొప్పాయి ఊరగాయతో, రొట్టెతో తింటారు. వియత్నాంలో కీమాను ఒకరకం ఆకులో చుట్టి కాలుస్తారు. అది తమలపాకుకు చుట్టమే కానీ తమలపాకు కాదు. తమలపాకుతో నేను ప్రయత్నించాను, ఘాటెక్కువై నోరు మండింది.

స్టిర్ ఫ్రైకి వద్దాం. మన ఇంటి గ్యాస్ పొయ్యిలో పెద్ద బర్నర్ 2 నుంచి 3 కిలోవాట్ల వేడి ఇస్తుంది. హోటల్లో వోక్ (చైనా బాణలి) పెట్టే పొయ్యి దానికి పది రెట్లకు అటూఇటూ ఉంటుంది. నువ్వు అరకిలో మాంసం ఒకేసారి కుమ్మరించావు. బాణలి ఒక్కసారిగా చల్లబడింది, ముక్కలు నీరు వదిలాయి, ఆ నీటిని ఆవిరి చేసే సత్తా నీ మంటకు లేదు. మంట పెంచలేం కాబట్టి ముక్కలు తగ్గించాలి. విడతకు 150 గ్రాములు, మించకూడదు. నాన్‌స్టిక్ పెనం వద్దు, అంత వేడికి దాని పూత తట్టుకోదు. మన ఇనప బాణలి చక్కగా పనిచేస్తుంది. ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి ఒక చుక్క నీళ్ళు వేసి చూడు. చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా చాలదు. చుక్క పూసలా చుట్టుకుని అటూ ఇటూ దొర్లితే అప్పుడు పల్లీనూనె పొయ్యి. ముక్కల్ని ఒక్క పొరగా పరిచి నలభై సెకన్లు కదపకు. ఇది కష్టం, నాకు తెలుసు. మన చేతులు గరిటె తిప్పకుండా ఉండలేవు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, ఇంకో అరనిమిషం, పళ్ళెంలోకి తీసెయ్యి. మళ్ళీ బాణలి కాగనిచ్చి రెండో విడత. కూరగాయలు విడిగా. చివర్లో అన్నీ కలిపి సాస్ అంచుల వెంబడి పోసి, అరనిమిషంలో దింపు. ఇంత సేపట్లో ఎక్కడా మూత పెట్టకు.

మొదట దాగింగ్ గోరెంగ్ కున్యిట్ చెయ్యి. పసుపు బీఫ్ అన్నమాట. మలేషియాలో అన్నంతో పాటు బళ్ళ మీద కూడా అమ్ముతారు. సరుకులన్నీ మన వంటింట్లోవే. 300 గ్రాముల పలచటి ముక్కలకు ఒక టీస్పూన్ పసుపు, అర టీస్పూన్ కారం, ఉప్పు, ఒక చెంచా మొక్కజొన్న పిండి పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, రెండు విడతలుగా వేయించి తియ్యి. అదే నూనెలో వెల్లుల్లి, వేలెడు ముక్కలు చేసిన బొబ్బరకాయలు, చీలికలు చేసిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి నాలుగు. కాయ కరకరలాడుతుండగానే మాంసం కలిపి, తియ్య సోయా సాస్ ఒక చెంచా. ఆ తియ్య సాస్ కూడా కొననక్కర్లేదు. సోయా సాస్ అరకప్పు, తాటిబెల్లం ముప్పావు కప్పు, ఒక అనాసపువ్వు వేసి సన్న మంటన పది నిమిషాలు మరిగిస్తే తేనెలా చిక్కబడుతుంది. సీసాలో పోసుకో.

రెండోది థాయ్ వాళ్ళ ఫాట్ కప్రావ్, ఆకు వేసిన కీమా వేపుడు. కప్రావ్ అంటే మన తులసి, వృక్షశాస్త్రంలో ఒకే జాతి. మీ ఇంట్లో కోటలోని తులసి తుంపి బీఫ్‌లో వెయ్యమని నేనెందుకంటాను, పెద్దవాళ్ళు నా ఇంటికొచ్చి తిడతారు. నేను వంటకని వేరే కుండీలో పెంచుకుంటున్నాను, కోటకూ దానికీ సంబంధం లేదు. అదీ మనసొప్పకపోతే సబ్జా మొక్క ఆకు వెయ్యి. ఘాటు తక్కువ, సోంపు వాసన వస్తుంది, థాయ్ వంటల్లో ఆ రకం ఆకు వేరే కూరలకు వాడేదే. వెల్లుల్లి ఆరు రెబ్బలు, పచ్చిమిర్చి ఐదారు రోట్లో కలిపి దంచు. మిక్సీ ముద్ద అయితే నీరొదిలి మాడుతుంది. కాగిన నూనెలో పది సెకన్లు, నువ్వు దగ్గేలోపు 300 గ్రాముల కీమా వేసి గరిటెతో విడదీసి అణచిపెట్టి, ఎర్రబడనిచ్చి, ఫిష్ సాస్ ఒక చెంచా, ఆయిస్టర్ సాస్ ఒక చెంచా, పంచదార ఒక టీస్పూన్. పొయ్యి ఆపి, అప్పుడు పిడికెడు ఆకు. వేడన్నం, అంచులు కరకరలాడే గుడ్డు. ఫిష్ సాస్ పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది. మూత తీయగానే వాసన చూసి పారెయ్యకు, వేడి తగిలాక ఆ వాసన ఉండదు.

నువ్వుల నూనె గురించి అడిగావు. మనది పచ్చి నువ్వులు గానుగాడింది. చైనా సాస్‌ల వరసలో ముదురు రంగులో దొరికేది వేయించిన నువ్వులది. రెంటికీ పొత్తు లేదు. అది వేపుడుకు కాదు, దింపాక రెండు చుక్కలు వాసనకి. ఎక్కడైనా వంటలో నిమ్మజాతి ఆకు కావాలని రాసి ఉండి అది దొరక్కపోతే, మజ్జిగలో వేసుకునే దబ్బాకు సన్నగా తరిగి వెయ్యి. నాకు అదే ఎక్కువ ఇష్టం కూడా.

బీఫ్ తినని స్నేహితులొస్తే ఇదే మసాలా కోడి తొడ ముక్కలకు పట్టించు, బొప్పాయి, సోడా రెండూ అక్కర్లేదు. పల్లీల సాస్ మాత్రం చెప్పిన కొలతకు రెండింతలు చెయ్యి. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. మా పిల్లలు మర్నాడు పొద్దున దాన్ని ఇడ్లీల్లోకి వేసుకుంటారు. సీసా ఖాళీ చేసి మూత పెట్టి మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెడతారు, అది వేరే తలనొప్పి.